అడ్డం లేని జాగ

మా అక్క టీవీని వాకిట్లో కూర్చుని చూస్తుంది. టీవీ మాత్రం లోపలి గదిలో, ఎదురు గోడకు ఉంటుంది. కళ్లు సరిగా కనబడనివాళ్లు ఎవరైనా టీవీ దగ్గరికి జరుగుతారు. మా అక్క మాత్రం ఏటా కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ వచ్చింది. మొదట మంచం మీది నుంచి చూసేది, తర్వాత గడప దగ్గరి నుంచి, చివరికి వాకిట్లో వేసిన షాబాద్ బండ మీది నుంచి. "ఇంకో రెండేండ్లు పోతే కాల్వకట్ట మీద కూసుండి సూస్తదేమో," అని మా బావ ఆటపట్టించేవాడు. అక్క నవ్వేది, మేమూ నవ్వేవాళ్లం. ఎందుకలా వెనక్కి జరుగుతోందో ఎవరమూ అడగలేదు. అడిగినా చెప్పడం ఆమెకు వచ్చేది కాదేమో.

ఆ వాకిట్లోంచే ఒక సాయంత్రం ఆమె ఆ నేలను చూసింది.

నేను బోధన్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణం నడుపుతాను. అక్కవాళ్ల ఊరు ఎడపల్లి అవతల, కాలువ కింద. బావకు వరి, కొంత చెరుకు. బోధన్ ఫ్యాక్టరీ మూతబడ్డాక చాలామంది చెరుకు మానేశారు గానీ బావ మొండివాడు, ఒక చెక్కలో మాత్రం మానకుండా పెడుతూనే ఉంటాడు. దుకాణం మూశాక వారంలో రెండు మూడు సార్లు అటు పోయి చాయ్ తాగి రావడం నాకు అలవాటు. ఆ రోజు బండికి స్టాండ్ వేస్తుండగానే అక్క కేకేసింది.

"తమ్మీ, ఉరుకు, ఉరుకు! గదేందో సూడు!"

ఏం కొంపలు మునిగాయో అని చెప్పులతోనే లోపలికి పోయాను. టీవీలో ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు. తెల్లగా ఎండిన నేల, దాని మీద ఆకాశం. చెట్టు లేదు, గుట్ట లేదు, గట్టు లేదు, కరెంటు స్తంభం లేదు. కాసేపటికి ఆ ఖాళీలోకి ఒక మూల నుంచి జంతువులు కొన్ని పరుగెత్తుకుంటూ వచ్చి, రెండో మూలకు పోయి మాయమయ్యాయి.

"గుర్రాలా?" అన్నాను.

"గాడిదలు," అన్నాడు బావ. "అడవి గాడిదలట. గుజరాత్‌ల, కచ్ దిక్కు."

"గా జాగ సూడాలె నాకు," అంది అక్క వాకిట్లోంచే. "నడుమ ఏం అడ్డం లేదు సూడు తమ్మీ. ఏమన్న ఉందా? ఏం లేదు."

అక్కకు చిన్నప్పటి నుంచి రేచీకటి. పొద్దుగూకితే గోడ పట్టుకుని నడిచేది. మునగాకు, మేక కార్జం, ఎవరు ఏది చెబితే అది తినిపించారు. నడివయసుకు వచ్చేసరికి పట్టపగలు కూడా తలుపులకు, మనుషులకు తగలడం మొదలైంది. హైదరాబాద్ తీసుకుపోతే డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసి, కంటి వెనక తెర అంచుల నుంచి లోపలికి పాడవుతూ వస్తోందని చెప్పింది. మందు లేదు, ఆపరేషన్ లేదు. నడుమ మిగిలిన చూపు ఎన్నాళ్లుంటుందో తనే కాదు, ఎవరూ చెప్పలేరంది. బయటికి వచ్చి సోడా తాగుతూ, "నీకు ఎట్ల కనవడ్తది అక్కా?" అని అడిగాను.

"చెరుకు సాలు నడుమకెళ్లి సూసినట్టు," అంది.

చెరుకు ఎరిగినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఎదిగిన తోటలో సాలులో నిలబడితే రెండు పక్కలా గోడలే. ఎదురుగా సన్నని సందు, ఎక్కడో చివర చారెడు వెలుతురు. అక్కకు పగలంతా అలాగే ఉంటుంది. దగ్గరికి వచ్చిన మనిషి ఆమెకు ముక్కలుగా కనబడతాడు. ఒక కన్ను, ఒక చొక్కా గుండీ, నాలుగు వేళ్లు. "అందరు ఇరిగి కనవడ్తరురా," అనేది. పాలు విరిగాయన్నంత మామూలుగా అనేది.

కాబట్టి ఆమె చూడాలి అన్నప్పుడు ఆ కోరికకు గడువుంది. అది ఎంతో తెలియదు గానీ, ఉందని మా ముగ్గురికీ తెలుసు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బజారంతా అంటారు. అబద్ధం కాదు. గాడిదల మాట బయటికి పొక్కినాక ఆ కోపానికి చేతినిండా పని దొరికింది. దుకాణానికి బేరింగుల కోసం వచ్చినవాడు కూడా, "సేటూ, గాడిదలను సూసుటానికి గుజరాత్ దాక ఎందుకు, మన బజార్ల తక్కువున్నయా?" అని నవ్వేవాడు. నా భార్య మరీ అన్యాయం. "అక్కబావల సంగతి సరే, నువ్వు పోతే అక్కడివి నిన్ను వాపస్ రానిస్తయా?" అంది. బావ పొలం పక్కన కాలువ తవ్విన రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన రైతుల కుటుంబం ఉంది. మూడు తరాలైనా వాళ్ల మాటకు ఇంకా అండీ తగిలే ఉంటుంది. ఆ పెద్దాయన నిజమైన ఆదరంతోనే చెప్పాడు. "అంత దూరం పోతున్నారు కదండీ, అటే సింహాలు కూడా ఉంటాయంట. అవి చూసి రండి, పేరైనా ఉంటుంది."

అక్క ఆలోచించే జవాబిచ్చింది. "సింహం చెట్ల నడుమ పండుకుంటదట గదా. ఆకులల్ల దాన్ని నేనేడ ఎతుకుదు?"

ఆ రాత్రే నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

ఆ చోటు పేరు చిన్న రణ్. దాన్ని అడవి గాడిదల కోసమే అభయారణ్యం చేశారు. ఫోటోలు చూస్తూ పోతుంటే అరచేతిలోని ఆ చిన్న తెర కూడా విశాలమైనట్టు అనిపించింది. నేను పుట్టి పెరిగింది పచ్చదనంలో. కాలువ, వరి మడి, చెరుకు తోట, పసుపు చేను, మళ్లీ కాలువ. మా దగ్గర కళ్లు తెరిస్తే ఏదో ఒకటి మొలిచి ఉంటుంది. మొలవడమే లేని నేల, అది కూడా ఒక చెలక కాదు, జిల్లాలకు జిల్లాలు పట్టేంత నేల, ఈ దేశంలోనే ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. దాని మీద ఆ జంతువులు బలిసి, నున్నగా మెరుస్తూ ఉన్నాయి. ఏం తిని అంత నున్నగా ఉన్నాయో నాకు అర్థం కాలేదు.

పనులు పంచుకున్నాం. రైలు టికెట్లు నావి. జీపు మాట్లాడటం బావది. ఆయనకు ఫోన్ మాట్లాడటమంటే ప్రాణం. రణ్ అంచున ఒక పల్లెలో జీపు తిప్పే మనిషి నంబరు దొరికింది. ఆయన హిందీలో సగం గుజరాతీ, బావ హిందీ మొత్తం నిజామాబాద్. వద్దనడానికి బావ "నక్కో" అంటే ఆయనకు అర్థమయ్యేది కాదు, ఉందనడానికి ఆయన "ఛే" అంటే ఛీ కొట్టాడనుకుని బావకు కోపం వచ్చేది. అయినా రెండో ఫోన్‌కే ఇద్దరూ వియ్యంకుల్లాగా కలిసిపోయారు.

నా వంతుగా ఇంకొకటి చేశాను. హైదరాబాద్ పోయినప్పుడు అక్క కోసం మంచి దుర్భిణి కొన్నాను. డాబా మీదికి తీసుకుపోయి కాలువకట్ట వైపు తిప్పి చేతికిచ్చాను.

"ఏం కనవడ్తుంది?"

"చెవు."

"ఎవరి చెవు?"

"బర్రె చెవే అయుంటది. బర్రె యాడుందో తెల్వదు గని, చెవు మాత్రం బ్రహ్మాండంగుంది తమ్మీ." నా మనసు నొచ్చుకుంటుందని ఇంకాసేపు కళ్లకు పెట్టుకుని, తర్వాత మెల్లగా నా మెడకే వేసింది. అంత మంచి సామానులో తప్పేముందో అర్థం కాక చిరాకుపడ్డాను.

జీపులో సీట్ల సంగతి వచ్చినప్పుడు అక్క బావను వదల్లేదు. "గింత లావు మనిషి జీపుల యాడ వడతడురా? ఎనుక సీటు మొత్తం ఈయనొక్కనికే గావాలె."

"నాకు లారీ మాట్లాడు బామ్మర్దీ," అన్నాడు బావ. అందరం నవ్వాం. బావ ఒకప్పుడు ఎడ్లబండి చక్రం ఒక్కడే ఎత్తిన మనిషి.

ఇక నీళ్ల కథ. మా దగ్గర ఎవరికి ఫోన్ చేసినా, బాగున్నరా తర్వాత వచ్చే మాట నీళ్లొచ్చినయా అనే. కాలువకు నీళ్లొచ్చినయా, చెరువు నిండిందా, బోరు పోస్తుందా. దీనికి ఆలోచన అక్కర్లేదు, నోటికి అదే వచ్చేస్తుంది. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో బావ రణ్ మనిషికి ఫోన్ చేసి అదే అడిగాడు.

"పానీ ఆయా క్యా భాయ్?"

"ఆయా సాబ్, బహుత్ ఆయా! పూరా భర్ గయా!"

వచ్చాయి, చాలా వచ్చాయి, అంతా నిండిపోయింది. ఇంతకన్నా మంచి మాట బావ జన్మలో విని ఉండడు. ఆ సంతోషంలో ఇంకేమీ అడక్కుండా ఫోన్ పెట్టేసి, చాయ్ హోటల్లో ఉన్నవాళ్లందరికీ చెప్పి, నాకు ఫోన్ చేశాడు. "మస్తు నీళ్లొచ్చినయట బామ్మర్దీ! ఇగ జంతువులకు తక్లీఫ్ లేదు. దసరా మర్నాడే పోదాం, టికెట్లు తియ్యి." నాకూ అనుమానం రాలేదు. రాదు కూడా. నీళ్లొచ్చాయంటే అనుమానించేవాడు మా కాలువ కింద ఎవడూ పుట్టలేదు. దసరాకు దుకాణం ఎలాగూ మూసే ఉంటుంది, వరి కోతకు ఇంకా టైముంది. టికెట్లు తీశాను. అక్క కొత్త చెప్పులు కొనుక్కుంది.

జీపు ఎన్ని గంటలకు బయలుదేరుతుందో అడుగుదామని కొన్నాళ్లకు నేనే ఫోన్ చేశాను. దసరా మర్నాడు వస్తున్నామని చెప్పాను.

"సాబ్, పానీ హై నా," అన్నాడు జీపాయన.

"హౌ, మాలూమ్. అచ్ఛా హై నా?"

నీళ్లున్నాయి కదా అని ఆయన, తెలుసు, మంచిదే కదా అని నేను. ఆయన చిన్నపిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. వానాకాలంలో రణ్ నేల కాదు. ఒక పక్క నుంచి సముద్రం నీళ్లు, ఇంకో పక్క నుంచి నదుల నీళ్లు వచ్చి అంతా మోకాలి లోతు సముద్రమైపోతుంది. ఆ రోజుల్లో గేటు మూసేస్తారు. మామూలుగా దసరా దాటాక తెరుస్తారు గానీ, ఈసారి నీళ్లు ఎక్కువ. నీళ్లు పోయి బురద గట్టిపడేదాకా జీపు కాదు కదా, మనిషి కూడా అడుగు పెట్టలేడు. "ఇప్పుడొస్తే జీపు కాదు సాబ్, పడవ కావాలి," అన్నాడు.

బండి తీసి నేరుగా ఊరికి పోయాను. దారి పొడుగునా బావను ఏమేమి అనాలో నెమరువేసుకుంటూ పోయాను.

"నీళ్లొచ్చినయా అని ఎవరడగమన్నరు నిన్ను? గేటు తెరిసిండ్రా అని అడగాలె గద!"

బావ నిజంగానే బిత్తరపోయాడు. "నీళ్లొచ్చినయంటే మంచి మాటే గద బామ్మర్దీ! నీళ్లొచ్చినయని ఏడ్సెటోణ్ణి నేనేడ సూడలే!"

అరుగు మీద కూలబడ్డాను. కోపం దిగాక మిగిలింది ఆశ్చర్యమే. మాకు నీళ్లొస్తే అన్నీ తెరుచుకుంటాయి. తూములు, నాట్లు, దుకాణంలో గిరాకీ. అక్కడ నీళ్లు పోతేనే తెరుచుకుంటుంది. సగం ఏడాది సముద్రం, సగం ఏడాది నేల. నీళ్లున్నన్నాళ్లు ఆ గాడిదలు నడిమధ్య దిబ్బల మీదికి ఎక్కి, అక్కడి గడ్డి మేస్తూ కాచుకుంటాయట. ఎండగానే దిగి, ఆ తెల్లని నేలంతా తమదేనన్నట్టు పరుగెత్తుతాయట. నేను చెబుతుంటే బావ నోరు తెరుచుకుని విన్నాడు. "అంటే మన కరువు వాటికి పండుగనా?" అన్నాడు. ఎక్కడో మనకు తెలియని చోట ప్రాణం మన లెక్కకు పూర్తిగా తిరగబడి, అయినా హాయిగా బతుకుతోందంటే ఒళ్లు జలదరించింది.

అప్పుడు అక్క అడిగింది. "నీళ్లు ఆరేదాక నా కండ్లు ఆగుతయారా?"

బావ లేచి బర్రెలకు గడ్డి వేయడానికి పోయాడు. అవి అప్పటికే మేస్తున్నాయి.

టికెట్లు రద్దు చేశాను. అక్కడి నుంచి మా ఎదురుచూపు మొదలైంది. బావ నాలుగు రోజులకొకసారి చాయ్ హోటల్లో, షుగర్ వచ్చినప్పటి నుంచి తాగే చక్కెర లేని చాయ్ ముందు కూర్చుని, స్పీకర్ పెట్టి ఫోన్ చేసేవాడు. "పానీ గయా క్యా భాయ్?" నీళ్లు పోయాయా అని. "థోడా గయా సాబ్." కొంచెం పోయాయని ఆయన. "మంచిగైంది!" పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న రైతులు గ్లాసులు దించి చూసేవాళ్లు. కాలువ కింది మనిషి, నీళ్లు పోయాయంటే సంబరపడటం ఆ హోటల్ ఎన్నడూ చూసి ఉండదు. "గీనికేమన్న సోకిందా?" అని ఒకాయన నన్నే అడిగాడు. చెప్పబోతే పెద్ద కథ, నవ్వి ఊరుకున్నాను.

అక్కడ నీళ్లు ఇంకుతుంటే ఇక్కడ అక్క చూపు కూడా ఇంకుతోంది. వరి కోతలు అయిపోయిన రోజుల్లో ఒకసారి నాకు చాయ్ అందిస్తూ, నా చెయ్యి అక్కడ ఉందనుకుని గ్లాసును గాలిలో వదిలేసింది. గ్లాసు పగిలింది. ఏరబోతే వద్దని వారించి తనే చీపురు తెచ్చింది. ముక్కలు ఉన్నచోట ఊడవలేదు, పక్కన ఊడ్చింది. "సాలు సన్నగైతుంది తమ్మీ," అంది చీపురు పట్టుకునే. నాకు భయం వేసింది. దేవుడా, ఆ నీళ్లను కొంచెం త్వరగా ఆర్చు అని మొక్కుకున్నాను. మా వైపు మనిషి అలా మొక్కుకోవడం దేవుడికి కూడా కొత్తే అయి ఉంటుంది.

చలి ముదిరాక రణ్ నుంచి ఆయనే ఫోన్ చేశాడు. అంతా ఎండింది, గేటు తెరిచారు, రండి, పర్మిట్ తీయిస్తానన్నాడు. పర్మిట్ మాట వినగానే బావ నీరుగారిపోయాడు. మా దగ్గర పర్మిట్ అంటే ఒకటే. చెరుకు కొట్టుకోవచ్చని ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చే చీటీ. బోధన్‌లో ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లు ఎలాగో నడిచింది. ఇప్పుడు ఎక్కడో దూరం ఫ్యాక్టరీకి లారీల్లో పోవాలి. ఆ చీటీ వచ్చేదాకా చెరుకు నిలబడి ఎండుతుంటే రైతు ఊరు కదలలేడు. "ఆడ గూడ పర్మిటేనా? ఇగ మనం పోయినట్టే," అన్నాడు. అది గేటు దగ్గర అడిగిన రోజే ఇస్తారని చెబితే నమ్మలేదు. "అడిగిన రోజే ఇస్తరా? అదేం రాజ్యం బామ్మర్దీ!"

బావకు రావలసిన పర్మిట్ ఇంకా రాలేదు. అది వచ్చి, మహారాష్ట్ర నుంచి కొట్టేవాళ్లు వచ్చి, తోట ఖాళీ అయ్యేసరికి సంక్రాంతి దాటింది. ఆఖరి లారీ రోజు నేను కూడా చేను దగ్గరే ఉన్నాను. అక్క గట్టు మీద నిలబడి ఉంది. ఏడాదంతా ఆమె ముందు గోడలాగా నిలబడిన చెరుకు పడిపోయి, నేల రోడ్డు దాకా తెరుచుకుంది. లారీ నిండా చెరుకుతో మూలుగుతూ ఆమె పక్కనుంచే పోయి, చేను దాటి, దూరాన రోడ్డెక్కింది.

"తమ్మీ!" అక్క కేకేసింది. "గా లారీ మొత్తం కనవడ్తుంది."

"మొత్తమంటే?"

"మొత్తం! ముంగటి అద్దం, ఎనుక వేలాడుతున్న చెరుకు, పైన కూసున్న ఆయిన రుమాలు, అన్ని. ఇరగలే. నా పక్కకెళ్లి పోయినప్పుడు ఒక్క టైరు కనవడ్డది. గిప్పుడు మొత్తముంది."

నేను అలాగే నిలబడిపోయాను. చెరుకు సాలులో నిలబడ్డ మనిషికి సందులోంచి దగ్గరి మనిషి భుజం కూడా పూర్తిగా పట్టదు. దూరాన, సాలు చివర, అదే సందులో ఒక బండి, జత ఎడ్లు, వెనక గుట్ట అన్నీ పడతాయి. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో ఆ దృశ్యం. వాకిట్లో బండ మీదికి ఆమె ఎందుకు జరిగిందో అప్పుడు తెలిసింది. నేను కొన్న దుర్భిణి అన్నిటినీ దగ్గరికి లాగి, ఆమెకు ఇంకా చిన్న ముక్కలు చేసి చూపిందని కూడా అప్పుడే తెలిసింది. ఆ ఖాళీ నేల ఆమెను ఎందుకు పిలిచిందో ఆమె ఒంటికి మాటల కన్నా ముందే తెలుసు. అక్కను చూస్తుంటే చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఆ సాయంత్రం టికెట్ల మాట వచ్చినప్పుడు, కొట్టిన తోట మళ్లీ చిగురేయాలంటే నీళ్లు పెట్టాలి, మీరిద్దరు పోయి రండి అన్నాడు బావ.

"నువ్వు రావాలె," అంది అక్క.

"గాడిదలను సూసుటానికి నేనెందుకే?"

"ఆడ నీతోని పనుంది నాకు."

"ఏం పని?"

"ఆడికి పోయినంక చెప్త."

నీళ్లు పెట్టే పని పక్క చేను పెద్దాయన తీసుకున్నాడు. మేం నిజామాబాద్‌లో రైలెక్కాం.

రణ్ గురించి ఏం రాయను? జీపులో తెల్లవారుజామున, చలికి దుప్పటి కప్పుకుని పోతున్నాం. కాసేపు ముళ్ల తుమ్మ పొదలు కనిపించాయి, తర్వాత అవి పలచబడ్డాయి, తర్వాత ఏదీ లేదు. సూర్యుడు వచ్చాక చూస్తే నేల నాలుగు దిక్కులా ఆకాశాన్ని తాకుతోంది. పగుళ్లు తీసిన మట్టి, దాని మీద సన్నగా ఉప్పు. నాకు కళ్లు తిరిగి జీపు కడ్డీ పట్టుకున్నాను. చూపు ఆనడానికి ఏదో ఒకటి కావాలని, అది లేకపోతే మనిషి పడిపోతాడని అంతవరకూ నాకు తెలియదు. జీపాయన ఇంజిన్ ఆపాడు. అంతటి నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. బావ తలకున్న రుమాలు తీసి చేత్తో పట్టుకున్నాడు, గుళ్లో నిలబడ్డట్టు.

"ఖుర్," అన్నాడు జీపాయన, చేయి చాపి. వాళ్లు ఆ గాడిదను అలా పిలుస్తారు. నేను దుర్భిణి పెట్టుకుని అటూ ఇటూ వెతికాను. ఎండమావి నీళ్లలా ఊగుతోంది తప్ప ఏమీ దొరకలేదు.

అక్క తల మెల్లగా తిప్పి, ఒకచోట ఆపింది. "గదిగో. మందనే ఉంది. తెల్ల పొట్టలు, నడుం మీద నల్ల గీత. ఎనుక ఒక పిల్ల గూడ ఉంది, తల్లి సాటుకు పోతుంది." ఆమె వేలు చూపిన దిక్కుకు చూస్తే అప్పుడు దొరికాయి నాకు. నేలలోంచి లేచినట్టున్న గోధుమ రంగు జంతువులు, తలలెత్తి మమ్మల్నే చూస్తున్నాయి. తర్వాత ఒక్కసారి కదిలాయి. దుమ్ము లేచింది గానీ చప్పుడు మా దాకా రాలేదు. ఇంత ఖాళీని సొంతం చేసుకుని అంత తేలికగా పరుగెత్తే ప్రాణిని తిట్టుకు వాడుకున్నామే మనం అనిపించింది. అక్క చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "మొత్తమున్నయ్ తమ్మీ. ఒక్కటి ఇరగలే," అంటోంది.

మంద కనుమరుగైనాక ఆమె దుప్పటి తీసి పక్కన పెట్టింది. కిందికి దిగవచ్చా అని జీపాయనను అడిగించింది. ఆయన దిగండన్నాడు. దిగి నిలబడి బావ వైపు తిరిగింది.

"ఇగో, నువ్వు నడువు."

"యాడికి?"

"గట్లనే, సీదా పో. నేను ఆగుమన్నకాడ ఆగు."

బావ నా ముఖం చూశాడు. నాకు అర్థమైంది. పొమ్మని చేయి ఊపాను. బావ నడిచాడు. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి, "గింత దూరం సాలా?" అన్నాడు.

"ఇంకింత పో."

ఊళ్లో కూడా ఇలా దూరం పంపి చూడవచ్చు. కానీ ఊళ్లో ఆ దూరంలో మనిషి కన్నా ముందు బర్రె, కరెంటు స్తంభం, ఎవరిదో ట్రాక్టర్ అడ్డొస్తాయి. ఆ సన్నని సందుతో అన్నిటి మధ్యా ఆయన్ని వెతికి పట్టుకోవడం ఆమె వల్ల కాదు. ఇక్కడ భూమ్మీద ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఇంకింత! ఇంకింత పో! ఆఁ, ఆగు ఆడ్నే!"

బావ ఆగి, ఫోటోకు నిలబడ్డట్టు చేతులు రెండూ పక్కలకు పెట్టుకుని మా వైపు తిరిగాడు. తెల్లని నేల మీద చొక్కా, ధోతి, చేతిలో రుమాలు. అక్క కదలకుండా చూసింది. చాలాసేపు చూసింది. ఆమె పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి.

"తమ్మీ," అంది మెల్లగా. "ఈయన గింత బక్కగైండేందిరా? షుగరొచ్చిందని ఎరుకే గని, గింతగయిండని నాకెవ్వలు చెప్పలే."

నేను బావ వైపు చూశాను. రోజూ చూసే మనిషే. చొక్కా భుజాల మీది నుంచి కిందికి జారి వేలాడుతోంది. మెడ సన్నబడింది. జీపులో పట్టడని మేం నవ్విన మనిషి వెనక సీటులో మూలకు ఒదిగి కూర్చుని వచ్చాడు. అది నేను కూడా అప్పుడే చూశాను.

"రావాల్నా?" అని అక్కడి నుంచి కేకేశాడు బావ.

"ఇంకింతసేపు ఆడ్నే ఉండుమను," అంది అక్క.